ఆకాశంలో నలుసు

ప్రభ కొసకి కుడిపక్కన, ఆకాశంలో చిన్న బూడిదరంగు మచ్చ. మొదట కాకి అనుకున్నాను. కనుమనాడు, ప్రభల తీర్థం వేళ, జగ్గన్నతోటలో కాకులకేం తక్కువ? తర్వాతి ఫొటోలో ప్రభ పక్కకి జరిగింది, మోసేవాళ్ళు మారారు, వెనకాల కొబ్బరిచెట్లు మారాయి. మచ్చ మాత్రం ఫ్రేములో అదే చోట ఉంది. ఆ తర్వాత అప్పనపల్లి రేవులో, పొద్దువాలే వేళ, వైనతేయ గోదావరి మీద తీసిన ఫొటోల్లోనూ అదే మూల, అదే మచ్చ. కాకైతే ఎగిరిపోవాలి, మబ్బైతే చెదిరిపోవాలి. ఏ ఊరి ఆకాశంలోనైనా అదే చోట కదలకుండా ఉందంటే అది ఆకాశంలోది కాదు, కెమెరా లోపలిది. సెన్సరు మీద నలుసు. లెన్సులు మార్చి ఫొటోలు తీసేవాళ్ళందరికీ ఏదో ఒకరోజు ఎదురయ్యేదే, అందులో వింతేం లేదు. అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. దాన్ని తీయాల్సింది ఎవరు? నేనా, ఆ పనే వృత్తిగా చేసుకుని బతికే మనిషా? పైకి ఇది డబ్బుకీ తీరికకీ సంబంధించిన ప్రశ్నలాగే ఉంటుంది. మరి అంతమాత్రం ప్రశ్నకి జవాబు దొరకడానికి ఇన్నాళ్ళు ఎందుకు పడుతోంది?

కోనసీమలో దుమ్మేమిటి, అంతా పచ్చదనమూ నీళ్ళేగా అంటారు బయటివాళ్ళు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన ప్రభల తీర్థం శకటంగా కదిలింది. అది చూసినవాళ్ళకి రంగులు కనిపించి ఉంటాయి, దుమ్ము కనిపించి ఉండదు. జగ్గన్నతోటలో నిలబడితే తెలుస్తుంది. పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు ఒక్కచోటికి చేరతారు. గంగలకుర్రు వైపు ప్రభలు కౌశిక ఏటి నీళ్ళలోంచి, పచ్చని చేలల్లోంచి, మనుషుల భుజాల మీద వస్తాయి. బాణసంచా పొగ, వేలమంది కాళ్ళకింద లేచిన మట్టి, గాలిలో చామంతి రేకుల పొడి. దూరాన్నుంచి ప్రభ వస్తున్నప్పుడు పొడవాటి లెన్సు ఉంటుంది. అది మీదికొచ్చేసరికి వెడల్పు లెన్సు బిగించాలి. ఆ మార్పిడిలో కెమెరా నోరు తెరుచుకునుండే కాసేపు చాలు. ఇక మామూలు రోజుల్లో కొబ్బరిపీచు ఆడే మిల్లుల పక్కనుంచి వెళ్ళినా చొక్కా మీద గోధుమరంగు పొడి పడుతుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పడిన దుమ్ము పట్టుకుని వదలదు. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలొచ్చాక సెన్సరు మరీ ఎదురుగా వచ్చేసింది. లెన్సు తీస్తే చాలా మోడళ్ళలో నేరుగా అదే కనిపిస్తుంది.

ఫిల్ము రోజుల్లో ఈ బాధ ఇలా ఉండేది కాదు. ఒక ఫొటో మీద నలుసు పడితే ఆ ఒక్కదానికే. మీట తిప్పగానే కొత్త ఫిల్ము ముందుకొచ్చేది. స్టూడియోల్లో నెగటివు మీద పెన్సిలుతో, ప్రింటు మీద సన్నకుంచెతో టచింగు చేసేవారు. అది ఏ ఫొటోకా ఫొటోకి చేసే సేవ. సెన్సరు అలా మారదు. కొన్ననాటి నుంచి అమ్మేదాకా అన్ని ఫొటోలకీ అదొక్కటే దిక్కు. ఫుల్‌ఫ్రేము కెమెరాలో దాని పొడవు 36 మిల్లీమీటర్లు, వెడల్పు 24. ఆ కాస్త జాగాలో రెండుకోట్ల నలభై లక్షల పిక్సెళ్ళుంటే ఒక్కొక్కటి సుమారు 6 మైక్రాన్లు. మన కంటికి ఆనని రేణువు దానికి బండరాయంత. ఇంకో సంగతి తెలిశాక నా భయం సగం తగ్గింది. దుమ్ము నిజానికి సెన్సరు మీద పడదు, దాని ముందున్న ఫిల్టరు అద్దం మీద పడుతుంది. ఫొటోలో కనిపించే మచ్చ ఆ రేణువు కాదు, దాని నీడ. లెన్సు ద్వారం బాగా తెరిచి ఎఫ్ 2.8లో తీస్తే వెలుగు నలువైపుల నుంచీ వచ్చి ఆ నీడని కరిగించేస్తుంది. ఎఫ్ 16కో 22కో మూస్తే సన్నటి వెలుగు నీడని గీసినట్టు చూపిస్తుంది. అందుకే పెళ్ళి మండపంలో ఏళ్ళ తరబడి దాగిన నలుసు ఏటి ఒడ్డున ఒక్క సాయంత్రంలో బయటపడుతుంది. అప్పటిదాకా ఆ నలుసు లేనట్టా, ఉన్నట్టా? పెళ్ళివారి దృష్టిలో లేనట్టే. నా దృష్టిలో ఉంది. శుభ్రత అన్నది వస్తువులో ఉందా, మనం దాన్నుంచి ఏం చూడదలుచుకున్నామన్న దాంట్లో ఉందా?

ఈ నీడ సంగతి ఆలోచిస్తుంటే మా అమ్మమ్మ గుర్తొస్తుంది. కుప్పనూర్పుళ్ళప్పుడు కళ్ళం గట్టున నిలబడితే కంట్లో నలుసు పడేది. చెయ్యి వెంటనే కంటిమీదికి పోయేది. “నులమకురా, ఊరుకో” అనేది అమ్మమ్మ. ఆ మాటలో బతిమాలడమూ ఉండేది, గదమాయింపూ ఉండేది. నన్ను వెలుగు వైపు తిప్పి, బొటనవేలితో కనురెప్ప ఎత్తి చాలాసేపు చూసేది. ఆ తర్వాతే చీర కొంగు మొన చుట్టి, నోటి ఆవిరి పట్టి, ఒక్కసారి తాకించేది. నలుసు కంటికి చేసే హాని కంటే నులిమిన చెయ్యి చేసే హాని ఎక్కువని ఆవిడకి ఎవరు చెప్పారో! పెద్దయ్యాక నాకు అర్థమైంది ఇది: కంట్లో నలుసుని ఎవరికి వారు తీసుకోలేరు, ఎందుకంటే తన కన్ను తనకి కనపడదు. ఇంకొకరు కావాలి. మరి కెమెరా విషయంలో ఆ ఇంకొకరం మనమే కదా? దాని కన్ను మనకి కనపడుతుంది కదా? అలాంటప్పుడు పరాయి చేతిలో ఎందుకు పెట్టాలి? ఒక పక్క ఇలా అనిపిస్తుంది. మరో పక్క, చూడగలగడం వేరు, తాకగలగడం వేరు అనిపిస్తుంది. అమ్మమ్మకి రెండూ చేతనవును. నాకు?

కెమెరాతో వచ్చే పుస్తకాల్లోనూ ఈ తడబాటే. నికాన్ వారి పుస్తకాలు చూస్తే, సెన్సరు ముందున్న ఫిల్టరు చాలా సున్నితమైనది, తమ అధీకృత సిబ్బంది చేతే శుభ్రం చేయించమని ఉంటుంది. అక్కడే, గాలి ఊదే బ్లోయరుతో మనమే ఎలా శుభ్రం చేసుకోవాలో వరసగా చెప్పి ఉంటుంది. చేయొద్దంటూనే చేసే దారి చూపడం మొదట నాకు అర్థం కాలేదు. ఆలోచిస్తే అదే న్యాయం అనిపించింది. తయారుచేసినవాడికీ తెలుసు, కెమెరా ఉన్న ప్రతి ఊళ్ళో సర్వీసు సెంటరుండదని. మా ఊరి పేరే నగరం. అక్కణ్ణుంచి రైలెక్కాలంటేనే రాజోలు మీదుగా దిండి చేరి, చించినాడ వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటి, పాలకొల్లో నరసాపురమో వెళ్ళాలి. అక్కణ్ణుంచి రాత్రంతా ప్రయాణం చేస్తే హైదరాబాదు. అక్కడ కంపెనీల సర్వీసు సెంటర్లున్నాయి, కోఠిలో కెమెరా దుకాణాలున్నాయి. ఒక రేణువు కోసం అంత దూరం. వెనక్కి వచ్చే దారిలో లెన్సు ఒక్కసారి మారిస్తే మరో రేణువు. కొరియరులో పంపితే ఆ డబ్బా ఎన్ని చేతులు మారుతుందో, ఎన్నిసార్లు కిందపడుతుందో. మారుమూల ఉండేవాడికి సొంతచేత్తో చేసుకోవడమన్నది సరదా కాదు, అవసరం. నగరంలో ఉండేవాడికి కంపెనీ నిపుణుడు నాలుగు వీధుల అవతల ఉంటాడు, నగరం అనే ఊళ్ళో ఉండేవాడికి ఒక రాత్రి ప్రయాణం అవతల. అందుకని ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వడం కుదరదు.

అయితే పనివాడి పనితనాన్ని దగ్గర నుంచి చూడకుండా తీర్పు చెప్పడం నాకు నచ్చదు. అమలాపురంలో ఒక పెద్దాయన ఉన్నారు. యాషికాలూ పెంటాక్స్ కె1000లూ విప్పి బిగించిన చేతులు ఆయనవి. కెమెరా అందించగానే విప్పుతారనుకున్నాను. విప్పలేదు. “ఆయ్, ముందు టెస్టు ఫొటో చూపించండి” అన్నారు. తెల్లగోడని ఎఫ్ 22లో, ఫోకస్ తప్పించి, కెమెరా కాస్త కదుపుతూ తీసిన ఫొటో. అలా తీస్తే గోడ మీది గరుకంతా చెరిగిపోయి నలుసులు మాత్రమే మిగులుతాయి. దాన్ని పెద్దది చేసి కళ్ళజోడు పైకెత్తి చూశారు. “పైన కనపడేది లోపల కిందుంటాదండి. ఎదురుగా పెట్టుకు చూస్తే కుడిఎడమలు మాత్రం మారవండి” అన్నారు. లెన్సు ప్రతిబింబాన్ని తలకిందులు చేస్తుందని బళ్ళో చదువుకున్నదే. అది ఇలా వేలు పెట్టాల్సిన చోటు చెప్పే జ్ఞానంగా ఎదురవుతుందని ఎన్నడూ అనుకోలేదు. ఫ్యాను కట్టేశారు. బ్యాటరీ నిండుగా ఉందో లేదో చూశారు. మధ్యలో అది అయిపోతే లేచిన అద్దం, షట్టరు పనిముట్టు మీద పడతాయి. కెమెరా నోరు కిందికి పట్టుకుని రబ్బరు బ్లోయరుతో ఊదారు. మళ్ళీ టెస్టు ఫొటో. మూడు మచ్చల్లో రెండు పోయాయి, ఒకటి మిగిలింది. “ఇది అంటుకుందండి. దీనికి తడి కావాలి” అన్నారు అప్పుడు. సెన్సరు వెడల్పుకి సరిపోయే స్వాబు మీద రెండు చుక్కల మిథనాల్. ఆ కాసేపు ఆయన ఊపిరి బిగబట్టారో ఏమో, నేనైతే బిగబట్టాను. ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క లాగు. స్వాబు తిరగేసి, అటునుంచి ఇటు మరో లాగు. అంతే, దాన్ని పారేశారు. ఇంకోసారి తుడవొచ్చుగదండీ అన్నాను. “తీసిన నలుసుతోనే మళ్ళీ రుద్దినట్టవుద్దండి” అన్నారు. ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. మరో మాట కూడా అన్నారు: కనపడని మచ్చని తాను తుడవనని.

అయితే నిపుణుడి చెయ్యి పడితే చాలు, అంతా క్షేమమేనా? ఇక్కడ నాకు అజంతా గుర్తొస్తుంది. 1920లో నిజాం ప్రభుత్వం ఆ గుహల చిత్రాలు కాపాడడానికి ఇటలీ నుంచి లొరెంజో చెక్కోనీ అనే నిపుణుణ్ణి, ఆయన సహాయకుడు ఓర్సినీని రప్పించింది. అప్పటి పురావస్తుశాఖ గులాం యజ్దానీ చేతిలో ఉంది. వచ్చినవాళ్ళు తమ విద్యలో ఆరితేరినవాళ్ళు. ఊడిపోతున్న గచ్చుని నిలబెట్టారు. అది నిజమైన మేలు. దాంతోపాటు చిత్రాల మీద లక్కతో చేసిన వార్నిషు పూశారు. కాలం గడిచేకొద్దీ ఆ పూత పసుపెక్కి, నల్లబడి, కిందున్న రంగుల్నే మూసేసింది. తర్వాత తరాల రసాయన నిపుణులు దాన్ని తొలగించడానికే ఎంతో ఓపిక పట్టాల్సివచ్చింది. వాళ్ళని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆనాటికి తెలిసిన మంచిపనే చేశారు. నన్ను ఆలోచింపజేసేది ఒక్కటే: చేసిన పనిని వెనక్కి తీసుకోగలమా? గాలి ఊదితే నష్టం లేదు, పోకపోతే పోకపోయింది. తడి పెట్టినప్పుడు గీత పడితే ఆ గీత ఉండిపోతుంది. పూత పూస్తే వందేళ్ళు ఉండిపోతుంది. కాబట్టి నిపుణుడా, నేనా అనే ప్రశ్న కంటే ముందు, ఈ పని చేశాక వెనక్కి మళ్ళే దారి ఉందా అనే ప్రశ్న అడగాలేమో. సంరక్షణ విద్యలో ఇప్పుడు పాటించే మొదటి నియమాల్లో ఇదొకటి. ఇంటి దగ్గర రబ్బరు బ్లోయరు పట్టుకున్నవాడికీ ఇదే నియమం సరిపోతుంది.

ఇంకో ఉదంతం నా ఆలోచనని మరో వైపు తిప్పింది. 2012లో నికాన్ డి600 వచ్చింది. కొన్నవాళ్ళ ఫొటోల్లో, ముఖ్యంగా ఎడమ పైమూలన, మచ్చలు కనిపించసాగాయి. తుడిస్తే పోయేవి, కొన్ని వందల ఫొటోలు తీసేసరికి మళ్ళీ వచ్చేవి. లెన్సు మార్చనివాళ్ళకీ వచ్చేవి. బయటి దుమ్మైతే ఎక్కడ పడితే అక్కడ పడాలి గాని ఒకే మూలన ఎందుకు చేరుతుంది? కంపెనీ 2013 ఫిబ్రవరిలో ఒక సలహా ప్రకటించింది. అదే ఏడు అక్టోబరులో డి610 వచ్చింది. 2014 ఫిబ్రవరిలో, ఉచితంగా శుభ్రం చేసి షట్టరు కూడా మార్చి ఇస్తామని ప్రకటించింది. దుమ్ము ఇంట్లోనే పుడుతుంటే ఎంత నేర్పుగా తుడిచినా ఏం లాభం? స్వాబు పట్టడంలో సిద్ధహస్తుడు కూడా అక్కడ చేయగలిగిందేం లేదు. కానీ మచ్చలు ఏ మూలన చేరుతున్నాయో, ఎన్నాళ్ళకి తిరిగొస్తున్నాయో గమనించినవాళ్ళు ఉన్నారే, వాళ్ళే ఆ సంగతి బయటపెట్టారు. తుడవడం కంటే ముందు చూడడం ఎంత పనిచేస్తుందో నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇంత గొడవెందుకు, కంప్యూటర్లో ఒక్క నొక్కుతో పోతుంది కదా అంటారు. నిజమే, పోతుంది. నేనూ తీస్తుంటాను. ఫొటోజర్నలిజంలో కఠినమైన నియమాలు పాటించే అసోసియేటెడ్ ప్రెస్ కూడా క్లోనింగు పనిముట్టుని చాలావరకు నిషేధించి, సెన్సరు మీది దుమ్మునీ పాత నెగటివుల మీది గీతల్నీ తీయడానికి మాత్రం ఒప్పుకుంటుంది. కానీ నేను ఉండేది నగరంలో. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఇక్కడ గెయిల్ గ్యాసు పైపులైను పేలింది. ఇరవైమందికి పైగా చనిపోయారు. మాడి నిలబడ్డ కొబ్బరిచెట్ల ఫొటోలు దేశమంతా చూసింది. అంతకు ముందు, 1995 జనవరిలో, మా మండలంలోని పాశర్లపూడిలో గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. అలాంటి ఉదయం తీసిన ఫొటోలో ఆకాశంలో నల్లటి చుక్క కనిపిస్తే అది ఏమిటి? సెన్సరు మీది నలుసా, గాలిలో లేచిన కాలిన ఆకు ముక్కా? కంప్యూటరుకి రెండూ ఒకటే, అడిగితే రెండింటినీ చెరిపేస్తుంది. తేడా చెప్పగలిగింది తన సెన్సరు మీద ఎక్కడ ఏముందో ముందే ఎరిగిన మనిషి. ఫొటో ఒక్కోసారి సాక్ష్యం అవుతుంది. సాక్షి కన్ను శుభ్రంగా ఉండడమంటే మచ్చ లేకపోవడం కాదు, ఏది తన మచ్చో ఏది ఎదుటి నిజమో తనకి తెలిసి ఉండడం. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి, చిన్న పనిముట్టు గురించి మొదలైన ఆలోచన ఎక్కడికో వచ్చినట్టనిపిస్తుంది. కాదు, ఉండాల్సిన చోటికే వచ్చింది.

కాబట్టి నేను ఒక పద్ధతికి వచ్చాను. గాలి నాది. వాన వెలిశాక, గాలిలో దుమ్ము అణిగినప్పుడు, తలుపులు మూసి, ఫ్యాను ఆపి కూర్చుంటాను. కెమెరాకి సెన్సరు శుభ్రం చేసే అమరిక మెనూలో ఉంటుంది, అది ముందు. 2003లో ఒలింపస్ ఇ-1తో మొదలైన ఏర్పాటది. సెన్సరు ముందున్న ఫిల్టరు అద్దాన్ని కంటికి తెలియనంత వేగంగా వణికించి దుమ్ము రాల్చుతుంది. తర్వాత లెన్సు తీసి, టార్చి వెలుగు వాలుగా పడేట్టు చూస్తాను. ఆ అద్దం నెమలికంఠంలా ఆకుపచ్చగా, ఊదాగా మెరుస్తుంది. నోటితో ఊదకూడదు, ఒక్క ఉమ్మి తుంపర దుమ్ముకన్నా మొండిది. డబ్బాల్లో దొరికే గాలీ వద్దు, అందులోంచి ద్రవం చిమ్మి అంటుకుంటుంది. రబ్బరు బ్లోయరు మొన లోపలికి పోనివ్వకుండా, నోరు కిందికి పట్టి, నాలుగైదు ఊదులు. మళ్ళీ తెల్లగోడ, మళ్ళీ ఎఫ్ 16. పోయినవి పోతాయి. అంటుకున్నదేదో మిగిలితే, అది నాకు అడ్డుపడే చోట ఉందా అని అడుగుతాను. లేకపోతే ఉండనిస్తాను. అడ్డుపడుతుంటే తడిపని పెద్దాయనది. ఆ పని నాకు చేతకాదని కాదు, స్వాబూ మందూ ఇంటికి తెప్పించుకోవచ్చు, నేర్చుకున్నవాళ్ళు చక్కగా చేసుకుంటున్నారు. ఎప్పుడో ఒకసారి చేసే చెయ్యి ప్రతిసారీ కొత్తచెయ్యే. రోజూ చేసే చేతికి ఒత్తిడి ఎంతో దానంతటదే తెలుస్తుంది. సెన్సరే కదిలి ఫొటో వణక్కుండా చూసే కెమెరాలు వచ్చాక ఆ తేలికపాటి ఒత్తిడికి విలువ ఇంకా పెరిగింది. ఆయన అందుబాటులో లేని ఊళ్ళో ఉంటే? అప్పుడు నేర్చుకుంటాను. పాత కెమెరా మీద చెయ్యి తిప్పుకుని, తొందర లేని రోజున, మొదటి లాగుకే ఆపగలనన్న నమ్మకం కుదిరాక.

మా ఊళ్ళో కొత్తగా కెమెరా కొన్న పిల్లలు వచ్చి ఇదే అడుగుతుంటారు. ఎవరి చేత చేయించాలండీ, ఎంతవుద్దండీ అని. ధర చెప్పే ముందు నేను గోడ చూపిస్తాను. టెస్టు ఫొటో తీయండి, మచ్చలెక్కడున్నాయో కాగితం మీద గుర్తు పెట్టుకోండి అంటాను. చూడనివాడు నిపుణుడికిచ్చినా, తిరిగొచ్చిన కెమెరా బాగుపడిందో లేదో వాడికి తెలియదు, రసీదుని నమ్మాలి. చూడనివాడు తానే చేసుకుంటే లేని నలుసుని రుద్దుతాడు. చూసినవాడికి రెండు దారులూ మంచివే. ఎవరి సాయమైనా తీసుకోవచ్చు, ఎంత దూరమైనా పంపొచ్చు, డబ్బిచ్చి నేర్పుని కొనుక్కోవడంలో చిన్నతనమేం లేదు. చెయ్యి అరువు దొరుకుతుంది. చూపు మాత్రం ఎవరిది వాళ్ళే పట్టుకోవాలి.